బూడిద రేవులో మిషను

అట్టపెట్టెలో ఉన్నంతసేపు మిషను అందంగానే ఉంది. భుజాలకు తగిలించుకున్నాకే నదీమ్‌కు దాని సంగతి తెలిసింది. వీపు మీద బ్యాటరీ డబ్బా, నడుముకు బెల్టు, ఛాతీ మీద ముళ్లు కదిలే మీటరు పెట్టె, చేతిలో పొడవాటి కడ్డీ, కడ్డీ చివర జొన్నరొట్టెల పెనం కంటే వెడల్పైన నల్లటి చక్రం. ఆ చక్రాన్ని నేలకు జానెడు ఎత్తులో పట్టుకుని అటూ ఇటూ ఊపుతూ నడవాలి. గోదావరి ఇసుకలో ఉత్త చేతులతో నడవడమే కష్టం. కాసేపటికే భుజం పట్టీ కోసుకుపోయినట్టు మండసాగింది.

"బరువుందారా?" వెనక నుంచి అరుణ్ అడిగాడు. అతని చేతిలో పొట్టి పార, తీగ జల్లెడ ఉన్నాయి.

"మోటరు మోసుకుంట నడిచినట్టున్నది. చెయ్యి గుంజుతుంది."

"పెద్ద చక్రం గదా. లోతుకు దిగాలంటే గంత బరువుంటది మరి."

నదీమ్‌కు శ్రీరాంపూర్‌లో మోటార్ వైండింగ్ దుకాణం ఉంది. కాలిపోయిన మోటార్ల పొట్ట విప్పి, మాడిన రాగి తీగ లాగేసి, కొత్త తీగ చుట్టడం అతని పని. ఇరవై ఏళ్లుగా తీగలు చుడుతున్నవాడికి, చుట్టిన తీగ భూమిలో ఉన్న ఇనుమునూ రాగినీ ముట్టుకోకుండానే కనిపెడుతుందంటే ఒక పట్టాన నిద్రపట్టలేదు. మిషను వచ్చిన దగ్గర్నుంచి దుకాణం మూసి ఇంటికి రాగానే అదే పని. చెంచాలు, గొళ్లాలు, తాళంచెవులు పరుపు కింద దాచి, పై నుంచి చక్రం తిప్పి చప్పుడు వినేవాడు. భార్య అతియా తన గాజు కూడా ఒకసారి తీసి ఇచ్చింది. బంగారానికి ఒక రకం చప్పుడు, ఇనుముకు ఒక రకం చప్పుడు అని చెబితే నవ్వి, "నీకు నా గొంతు కన్న దాని గొంతే బాగ గుర్తుంటది" అంది.

అరుణ్, అతనూ చిన్నప్పుడు ఒకే బళ్లో చదివారు. అరుణ్ ఇప్పుడు జేసీబీలు కిరాయికి తిప్పుతున్నాడు. మిషను కొందామన్న ఆలోచన అతనిదే. సీసీ రోడ్ల కింద పూడిపోయిన నల్లా వాల్వులు వెతకొచ్చు, పొలాల్లో తెగిన పైపులు పట్టుకోవచ్చు, పెళ్లిళ్లలో పోయిన ఉంగరాలు తీసివ్వొచ్చు, ఊళ్లో ఎవరి దగ్గరా లేని పని అన్నాడు. నదీమ్‌కు నచ్చింది. ఇద్దరూ కలిసి తెప్పించారు. అలవాటు కావాలంటే మెత్తటి నేల కావాలి, తవ్వినా అడిగేవాడు ఉండకూడదు, గోదావరి ఇసుక కంటే మంచి జాగా ఏముంటుందని అరుణే ఆ ఆదివారం బండి మీద తీసుకొచ్చాడు.

ఎండలకు నీళ్లు వెనక్కి పోయి, ఒడ్డుకూ పాయకూ మధ్య పెద్ద ఇసుక మైదానం తేలింది. దూరం నుంచి తెల్లగా, ఉతికి ఆరేసిన దుప్పటిలా కనిపించింది. దగ్గరికి వచ్చాక అది దుప్పటి కాదని తెలిసింది.

మొదటి చప్పుడుకు బీరుసీసా మూత దొరికింది. రెండోదానికీ అదే. ఆ తర్వాత వరసగా మూతలే. గుట్కా పొట్లాల లోపలి వెండి కాగితానికి కూడా మిషను కూసింది. ఒకచోట గట్టిగా మోగితే అరుణ్ ఉత్సాహంగా తవ్వాడు. మోకాలి లోతున సున్నపు చెయ్యి ఒకటి బయటపడింది. నిరుడు నిమజ్జనం చేసిన వినాయకుడి చెయ్యి. లోపలి ఇనప చువ్వ తుప్పు పట్టి, రంగు పెచ్చులుగా లేచి, వేళ్ల మధ్య పాచి పట్టి ఉంది. దానికి చుట్టుకుని ఎవరిదో నైలాన్ చీర. చీర లాగితే దాంతోపాటు పిల్లల డైపర్ ఊడొచ్చింది. ఇసుకలో ఉబ్బిపోయి, ఎండలో పొక్కి, నల్లటి రసం కారుతోంది.

"ఛీ," అని నదీమ్ మొహం తిప్పుకున్నాడు.

"ఓ సాలుకు పుష్కరాలు, ఓ సాలుకు జాతర. జనం గంగకు అన్నీ ఇస్తరు," అన్నాడు అరుణ్ కాలితో దాన్ని నెట్టేసి. "నడు, నడు. ఇంకొంచెం నీళ్ల దిక్కు పోదాం."

నీళ్ల దగ్గరికి వెళ్లేకొద్దీ వాసన పెరిగింది. పట్టణం మురికికాలువ ఆ పక్కనే ఎక్కడో పాయలో కలుస్తోంది. తడి ఇసుక పైన బూడిద రంగు నురగ, నురగలో కుళ్లిన బంతిపూలు, తాగి పారేసిన ప్లాస్టిక్ గ్లాసులు. ఇసుకలో నల్లటి చార ఉన్నచోటల్లా మిషను ఊరికే గురగురమంది. అది ఇసుకలోని ఇనుప రజను అని నదీమ్‌కు అర్థమైంది. మీటరు పెట్టె మీది బిరడా తిప్పి ఆ గురగురను అణిచాడు. ఆ చిన్న పని చేతనైనందుకు సంతోషం వేసింది. చెవుల మీద హెడ్‌ఫోన్లు, ఎండ, భుజం నొప్పి, కాళ్ల కింద కంపు. అయినా మిషను తన మాట వింటోంది.

"దీని మీద చెయ్యి సాఫైతే జైనూర్ దిక్కు పోదాం," అన్నాడు అరుణ్.

నదీమ్ హెడ్‌ఫోన్లు ఒక చెవి మీంచి తీశాడు. "జైనూర్ల నల్లా వాల్వులు ఏడియిరా?"

"వాల్వులేంది. అడవిల పాత గడీలున్నయి, కూలిన కోట గోడలున్నయి. లంకెబిందెల కోసం ఇద్దరు పార్టీలు మాట్లాడిన్రు. మనం మిషను మోగించి జాగా చూపెడితే చాలు. తవ్వుడు వాళ్లదే."

"గది కేసు అయితది."

"మోగిచ్చినోని మీద కేసేంది?"

వాల్వుల మాట, ఉంగరాల మాట తనకోసం కట్టినవని నదీమ్‌కు అప్పుడు అర్థమైంది. వెనక్కి పోదామని అనబోతుండగా ఒడ్డు మీద ట్రాలీ ఆటో ఆగిన చప్పుడైంది.

ఆటోలోంచి కొందరు మగవాళ్లు, ఒక ముసలామె దిగారు. ముందు నడుస్తున్నతని చేతిలో కొత్త కుండ ఉంది, దానికి తెల్ల గుడ్డ కట్టి ఉంది. చితిలోంచి బొక్కలు ఏరి తెచ్చారని చూడగానే తెలుస్తోంది. అరుణ్ నదీమ్ చెయ్యి పట్టుకుని సర్కారు తుమ్మల పక్కకు లాగాడు. ఇద్దరూ మిషను కింద పెట్టి, ఫ్లాస్కులోని చాయ్ పోసుకుని కూర్చున్నారు. ఆ మనుషులు నీళ్ల అంచున కూర్చుని ఏవో పొట్లాలు విప్పారు. ఒకతను కుండలో చెయ్యి పెట్టి ఏదో పొడుగాటి వస్తువు తీసి చూసి, పక్కనున్నవాడితో మాట్లాడి, దాన్ని వెనక్కి ఇసుకలోకి విసిరేశాడు. ముసలామె ఒకసారి అటు తిరిగి చూసింది. కుండను నీళ్లలో వంచారు, తలల మీద నీళ్లు చల్లుకున్నారు, వెనక్కి తిరగకుండా ఆటో ఎక్కారు.

నదీమ్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. తమ వాళ్లను మట్టికిస్తారు, వీళ్లు గంగకిస్తారు. ఎవరిదైనా చావు చావే. ఆటో కనుమరుగయ్యేదాకా అతను తల వంచుకునే ఉన్నాడు.

అరుణ్ లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "నడు. గా రేవుల తిప్పుదాం."

"ఏ రేవుల?"

"ఇప్పుడు పోయినోళ్లు కలిపిన కాడ."

"అరే, ఏమంటున్నవ్‌రా నువ్వు?"

"పీనుగు నోట్లె బంగారం పెడ్తరు. పెద్దది కాదు, ఇంత తునక. గది కాలదు. బూడిదల వస్తది, గంగల కలుస్తది. ఏండ్ల సంది కలుపుతున్న రేవు గది. ఈ బీరుమూతల కాడ తిరిగితే ఏమస్తది?"

నదీమ్ నమ్మలేనట్టు చూశాడు. చిన్నప్పటి నుంచి చూసిన మొహమే. గడ్డం కింద మచ్చ, ఎండకు కందిన ముక్కు. ఆ మొహంలో ఏ మార్పూ లేకపోవడం చూసే అతనికి భయమేసింది.

"నేను రాను. తప్పురా గది."

"నాకు లేని పట్టింపు నీకేంది భాయ్? మావోళ్లు కలిపిన బూడిద. నేనే చెప్తున్న."

"ఎవరన్న జూస్తే ముందుగాల నా పేరే అడుగుతరు. నీది అడగరు."

"ఎవరు జూస్తరు ఈ ఎండల? సరే, నువ్వు కూసో. నేను మోస్త."

అరుణ్ బ్యాటరీ డబ్బా వీపుకెత్తుకున్నాడు. బెల్టు వెనక కొక్కెం అతని చేతికి అందలేదు. "జర పెట్టరాదు," అన్నాడు. నదీమ్ లేచి కొక్కెం పెట్టాడు. ఎందుకు పెట్టాడో అతనికే తెలియదు. ఎవరైనా జర పట్టు అంటే చెయ్యి పోయే అలవాటు. అరుణ్ నీళ్ల అంచుకు వెళ్లి బిరడాలు ఇష్టమొచ్చినట్టు తిప్పుతుంటే మిషను పిల్లి ఏడ్చినట్టు అరిచింది. ఆ అరుపు నదీమ్‌కు పంటి కింద ఇసుకలా అనిపించింది. వెళ్లి బిరడా సరిచేశాడు. చప్పుడు శుభ్రమైంది.

తర్వాత అక్కడి నుంచి కదలలేకపోయాడు.

నీళ్లు అక్కడ చీలమండ లోతే. పారడం మానేసి చాలా రోజులైనట్టుంది. పైన జిడ్డు తెట్టు, దాని కింద బొగ్గు ముక్కలు, పేలాలు, నానిపోయిన తమలపాకులు. అరుణ్ పారతో అడుగు బురద ఎత్తి జల్లెడలో పోశాడు. ఊపుతుంటే బూడిద నీళ్లు అతని వేళ్ల మధ్య నుంచి కారి మోచేతుల దాకా పాకాయి. జల్లెడలో తెల్లటి ముక్కలు మిగిలాయి. కొన్ని సుద్దముక్కల్లా ఉన్నాయి, కొన్నిటికి సన్నటి రంధ్రాలు. అరుణ్ వాటిని వేలితో పక్కకు తోసి, రూపాయి బిళ్లలు ఏరి జేబులో వేసుకుని, మిగతాది వెనక్కి విసిరేసి, మళ్లీ ఎత్తాడు. ఒక తెల్ల ముక్క నదీమ్ చెప్పు మీద పడింది. అతను కాలు విదిలించాడు. అది వేళ్ల సందులో ఇరుక్కుంది. వంగి చేత్తో తియ్యాల్సి వచ్చింది. తీశాక ఎక్కడ పెట్టాలో తెలియలేదు. నీళ్లలోకి జారవిడిచి, చేతిని ఇసుకకు రుద్దుకున్నాడు. ఆ ఇసుకా శుభ్రంగా లేదు.

"బస్ అరుణ్. పోదాం."

"ఆగు, ఆగు. గీ చప్పుడు ఇను."

హెడ్‌ఫోన్లు లేకుండానే ఆ చప్పుడు నదీమ్‌కు వినిపించింది. మెత్తగా, తడబడకుండా, అతియా గాజుకు వచ్చిన చప్పుడు. అరుణ్ బురద ఎత్తి, జల్లెడ పట్టి, మోకాళ్ల మీద కూర్చుని వెతికాడు. బియ్యపు గింజంత పసుపు ముక్క దొరికింది. చొక్కాకు తుడిచాడు. ఎండకు పట్టి చూశాడు. తర్వాత అది నిజమో కాదో తెలుసుకోవడానికి పంటి కింద పెట్టి కొరికాడు.

నదీమ్ తుమ్మ చెట్ల దాకా పరిగెత్తలేకపోయాడు. అక్కడే ఇసుకలో వంగి తాగిన చాయ్ కక్కాడు. తల ఎత్తేసరికి అరుణ్ నవ్వుతున్నాడు. పెదవి అంచున బూడిద అంటుకుని ఉంది.

"సాఫ్ బంగారం," అన్నాడు.

నదీమ్ మూతి తుడుచుకుంటుండగా ఒడ్డు మీద నుంచి ముసలామె ఒక్కతే దిగి రావడం కనిపించింది. ఇందాక ఆటో ఎక్కి పోయిన ఆమే. చెప్పులు చేతిలో పట్టుకుని, కాలే ఇసుకలో గబగబా వస్తోంది. అరుణ్ జల్లెడ కింద పెట్టి నిలబడ్డాడు. పసుపు ముక్క గుప్పిట్లో ఉంది. పారిపోదామన్నా వీపు మీద డబ్బా ఉంది.

ఆమె దగ్గరికి వచ్చి ఇద్దర్నీ, మిషనునూ చూసింది. బక్కపలచని మనిషి. ఏడ్చి ఏడ్చి కళ్లు ఎండిపోయి ఉన్నాయి.

"సర్కారోళ్లా బిడ్డా మీరు?"

"కాదవ్వా," అన్నాడు నదీమ్.

"బాంబులు దేవులాడే మిషను లెక్కున్నది. మంత్రులొచ్చినప్పుడు మా బొగ్గుబాయి కాడ జూసిన. ఇనుమును పట్టిస్తదా గిది?"

"పట్టిస్తది."

"అయితే నాకొక సాయం జెయ్యున్రి. నా పేరు సమ్మక్క. మా ఆయన రాములు, బాయిల పని జేసేటోడు. బొగ్గుపెళ్ల పడి తొడ ఇరిగితే దవాఖానల ఇనుప కడ్డీ ఏసిన్రు. కాలినంక బొక్కలల్ల గది ఎళ్లింది. మా మరిది ఇనుము గంగల కలుపద్దని ఇసుకల ఇసిరేసిండు. నలుగురి ముందట నేనేమంట? ఆటో కమాను దాటినంక కడుపుల నొస్తుందని చెప్పి ఆపిచ్చి ఉరికొచ్చిన. ఏడ వడ్డదో ఏమో, ఇసుక అంత ఒక్క తీరుగనే ఉన్నది."

నదీమ్ అరుణ్ వెనక్కి వెళ్లి కొక్కెం విప్పాడు. డబ్బా తన వీపుకు ఎత్తుకుని, బెల్టు తానే బిగించుకున్నాడు. ఇందాక తుమ్మల చాటు నుంచి చూసిన దిక్కు గుర్తుంది. అటు నడిచాడు. సమ్మక్క వెనకే వచ్చింది. బీరుమూతలకు, వెండి కాగితాలకు మిషను కూస్తూనే ఉంది. అతను ఒక్కో చప్పుడునూ విని వదిలేస్తూ చక్రం తిప్పాడు. చెమట కళ్లలోకి కారి మండింది. భుజం తిమ్మిరెక్కింది. పొద్దున్నుంచి మొదటిసారి ఆ బరువు మొయ్యాలనిపించింది.

ఎండిన తుంగ దుబ్బు పక్కన మిషను పొడుగ్గా మోగింది. నదీమ్ మోకాళ్ల మీద కూర్చుని చేతులతోనే ఇసుక తోశాడు. లోతుగా లేదు. జానెడున్నర కడ్డీ, మంటకు నీలం రంగు తిరిగి, ఒక చివర మర మేకు ఇంకా దిగే ఉంది. మేకుకు బూడిద రంగు పెచ్చు అతుక్కుని ఉంది. అది ఏమిటో అతనికి తెలుసు. రెండు చేతులా తీసి ఆమెకు అందించాడు.

సమ్మక్క దాన్ని కొంగులోకి తీసుకుంది. కాసేపు వేళ్లతో తడిమింది.

"గిదేనా," అంది. "ఇన్నేండ్లు తొడల ఉన్నది. చలికాలమొస్తే లోపల మంచుగడ్డ ఉన్నట్టుంటదని ఒర్రేటోడు. నేను ఇటుక కాపి పెట్టేదాన్ని. ఎట్లుంటదో కండ్లతోని జూసుడు ఇయ్యాలనే."

ఆమెకు అబద్ధం చెప్పినట్టే అనిపించింది నదీమ్‌కు, తాను ఏ అబద్ధమూ చెప్పకపోయినా. అరుణ్ వైపు తిరిగాడు. అతను జల్లెడ దగ్గరే నిలబడ్డాడు.

"అరుణ్. గది ఇయ్యి."

"ఏది?"

"నీ చేతిల ఉన్నది. ఆమెకియ్యి."

అరుణ్ కదల్లేదు. నదీమ్ వెళ్లి అతని మణికట్టు పట్టుకున్నాడు. పెనుగులాట ఏమీ జరగలేదు. అరుణ్ వేళ్లు వాటంతటవే విచ్చుకున్నాయి. నదీమ్ ఆ పసుపు ముక్కను అరచేతిలో పెట్టుకుని సమ్మక్క ముందు చాపాడు.

"అవ్వా, ఇది కూడ మీదే. నీళ్లల్ల దొరికింది."

ఆమె వంగి చూసింది. "మాది కాదు బిడ్డా. మాకు బంగారం ఏడిది? ఆయన నోట్లె రూపాయి బిళ్ల పెట్టిన్రు."

ఆ మాట అన్నాక ఆమె చూపు అరుణ్ కాళ్ల దగ్గరికి పోయింది. పార, బురద, జల్లెడ, జల్లెడలో మిగిలిన తెల్ల ముక్కలు. తర్వాత తడిసి ఉబ్బిన అరుణ్ జేబు. ఆమె చాలాసేపు చూసింది. కడ్డీని కొంగులో ఇంకా గట్టిగా చుట్టుకుని ఒక అడుగు వెనక్కి వేసింది.

"గిందుకొచ్చిన్రా మీరు," అంది.

"నేను కాదవ్వా," అనబోయాడు నదీమ్. మిషను అతని వీపు మీదే ఉంది. బంగారం అతని చేతిలోనే ఉంది.

ఆమె తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు, ఎవరి పేరూ అడగలేదు. పాయ వెంట నడుచుకుంటూ పైకి, నీళ్లు కొంచెం కదులుతున్న చోటికి వెళ్లింది. కొంగు విప్పి కడ్డీని నీళ్లలో ముంచి కడిగింది. ఇసుక పట్టించి తోమింది. మళ్లీ కడిగింది. నదీమ్ పట్టుకున్న చివరను ఎక్కువసేపు తోమింది. కాలిన మచ్చ కోసం కాదని, తన చేతులు తగిలినందుకేనని అతనికి దూరం నుంచే తెలిసిపోయింది. మోకాళ్ల లోతుకు దిగి దాన్ని వదిలేసి, దండం పెట్టుకుని, ఒడ్డెక్కింది. వాళ్ల పక్క నుంచే వెళ్తూ ఆగింది.

"బతికున్నోళ్లు ఇంతమంది ఉన్నరు గదా. వాళ్లను అడుక్కోని తింటే సరిపోతుండె."

అంతే. చెప్పులు చేతిలో పట్టుకునే వెళ్లిపోయింది.

ఆమె ఒడ్డు దాటాక అరుణ్ గట్టిగా ఊపిరి వదిలాడు. "పోనీ, ఆమెది కాదన్నది గదా. ఇటియ్యి."

నదీమ్ అరచేతిలోకి చూశాడు. ఎవరిదో తెలియదు. ఎవరి తల్లిదో, ఎవరి బిడ్డదో. ఇచ్చేయడానికి మనిషి లేడు. చెయ్యి వెనక్కి ఊపి, పాయ మధ్యలో నీళ్లు నల్లగా ఉన్న చోటికి బలంకొద్దీ విసిరాడు. సన్నగా ఎక్కడో చుక్క లేచింది. విసిరిన మరుక్షణం అతని కన్ను ఆ చుక్క లేచిన చోటును, ఎదురుగా ఉన్న తాటిచెట్టుతో పోల్చి గుర్తుపెట్టుకుంది. తన కన్ను చేసిన ఆ పనికి నదీమ్‌కు అరుణ్ మీద కంటే ఎక్కువ రోత పుట్టింది.

"దిమాగ్ ఖరాబైందా నీకు," అని అరుణ్ జల్లెడ తీసుకుని నీళ్లలోకి దిగాడు. నడుము లోతుకు వెళ్లాడు. మురికి తెట్టు అతని చొక్కా చుట్టూ వలయంలా చేరింది. వంగి చేతులతో అడుగు తడుముతుంటే నీళ్లు గడ్డానికి తగిలాయి. "మిషను తీస్కరా, నదీమ్. చక్రం నీళ్లల్ల మునిగినా ఏం గాదు," అని అరిచాడు. నదీమ్ మిషను విప్పి ఇసుకలో పెట్టి పక్కన కూర్చున్నాడు. అరుణ్ తడుముతూనే ఉన్నాడు. ఒకసారి ఏదో దొరికినట్టు పైకి తీసి చూసి పారేశాడు. నీళ్లు నోట్లోకి పోతే ఉమ్మేశాడు, మళ్లీ వంగాడు. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి ఈ గోదావరిలోనే ఈత నేర్చుకున్నారు. ఆ సంగతి గుర్తు రాకుండా ఉంటే బాగుండుననుకున్నాడు.

బండి ఒక్కటే కాబట్టి ఒకే బండి మీద వెనక్కి వచ్చారు. మిషను నదీమ్ ఒళ్లో ఉంది. ముందు కూర్చున్న అరుణ్ తడి చొక్కా గాలికి కొట్టుకుంటుంటే, ఆ వాసన దారి పొడవునా నదీమ్ మొహానికి తగిలింది.

ఇంట్లోకి రాకుండానే బయటి నల్లా దగ్గర ఒళ్లంతా తోముకున్నాడు నదీమ్. అతియా తువ్వాలు తెచ్చి నిలబడింది.

"ఏమైంది జీ? చెయ్యి తోలు ఊడేటట్టు రుద్దుతున్నవ్."

"నా బట్టలు ముట్టకు. పారేస్త."

"మంచి ప్యాంటు గది."

"పారేస్త అన్న గదా."

ఆమె అన్నం పెట్టింది. ముద్ద నోటి దాకా తెచ్చి, చేతి వైపు చూసి, కంచంలో పెట్టేశాడు. చెంచా ఇమ్మన్నాడు. ఆ రోజు నుంచి కొన్నాళ్లు చెంచాతోనే తిన్నాడు.

ఆ వారంలోనే అరుణ్ దుకాణానికి వచ్చాడు. వెంట కారులో ఇద్దరు కొత్తవాళ్లు. వాళ్లు దిగలేదు, అద్దాలు కూడా దించలేదు. అరుణ్ ఏమీ జరగనట్టే స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పెదవి మీద జ్వరం పొక్కు లేచి ఉంది.

"మిషను తియ్యి. జైనూర్ పోవాలె. నువ్వు రాకున్న సరే, బిరడా ఎట్ల తిప్పాల్నో చూపియ్యి."

"మిషను లేదు."

"లేదంటే?"

నదీమ్ బల్ల కింద నుంచి గోనె సంచి లాగి విప్పాడు. చక్రం రెండు చెక్కలై ఉంది. లోపలి రాగి తీగ, దాని చుట్టూ పోసిన గట్టి లక్క, సుత్తి దెబ్బలకు ముక్కలు ముక్కలుగా. తీగను తెంపేటప్పుడు అతని ప్రాణం ఉసూరుమంది. అంత సాపుగా చుట్టిన తీగ తన జన్మలో చూడలేదు.

"ఎట్ల పగిలింది?"

"నేనే పగలగొట్టిన."

అరుణ్ కాసేపు సంచి వైపు, కాసేపు నదీమ్ వైపు చూశాడు. "దాంట్ల నాది సగముంది."

"నీ సగం గిందులనే ఉన్నది. తీస్కపో."

అరుణ్ లేచి సంచిని కాలితో తన్నాడు. కారు దగ్గరికి వెళ్లి వంగి ఏదో చెప్పాడు. కారు వెళ్లిపోయింది. అతను మాత్రం రోడ్డు మీద నిలబడి ఫోన్ చూసుకుంటూ చాలాసేపు అక్కడే ఉన్నాడు. లోపలికి వచ్చి ఇంకేమైనా అంటాడేమోనని నదీమ్ ఎదురుచూశాడు. తిట్టినా బాగుండేది. అరుణ్ రాలేదు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. ఇంకో మిషను ఎక్కడో దొరికిందని, అడవిలో తవ్వకాలకు పోతున్నాడని ఎవరో చెప్పారు.

అతియాకు ఈ సంగతంతా రంజాన్ అయిపోయాక ఒక పొద్దున చెప్పాడు. ఆమె బియ్యం చాటలో పోసి రాళ్లు ఏరుతూ విన్నది. అరుణ్‌కు బెల్టు కొక్కెం పెట్టానని అతను చెప్పిన దగ్గర ఏరడం ఆపి, మళ్లీ ఏరింది.

వానలు పడ్డాయి. గోదావరి ఒడ్డుల నిండా ఎర్రనీళ్లు వచ్చాయి. ఇసుక, రేవు, తుంగ దుబ్బులు అన్నీ మునిగిపోయాయి. ఒక రోజు అతియా అంగట్లో పెద్ద బొచ్చెచేప తెచ్చి పులుసు పెట్టింది. చింతపండు, మెంతుల వాసన వీధి దాకా వచ్చింది. నదీమ్ కూర్చుని కంచం దగ్గరికి జరుపుకున్నాడు.

"ఏడిది?" అని అడిగాడు.

"గోదారిదే. కొత్త నీళ్ల చేప. ఇంకేడిది దొరుకుతది ఈడ?"

అతను పులుసు వైపు కాసేపు చూసి, చేప ముక్కను ఆమె కంచంలో వేశాడు. చారు పోసుకుని తిన్నాడు. ఆమె తన ముక్కను కూడా గిన్నెలోకి తీసేసి, మూత పెట్టింది.